నిపా జ్వరము: గబ్బిలములు, ఈతకల్లు, ఫలవృక్షములను గూర్చి రైతులు తెలిసికొనవలసిన సంగతులు

వ్యవసాయదారుల పత్రికలో జ్వరమును గూర్చిన వ్యాసమేల యని సభ్యులు కొందఱు అడుగవచ్చును. విత్తనములు, ఎరువులు, తెగుళ్లు, అప్పుల వాయిదాలు మనకు నిత్యవిషయములు. అయినను నిపా యను జ్వరము పుట్టిన తావులను పరిశీలించినచో, అది యొకచోట పందులదొడ్డిలోను, మఱియొకచోట ఈతచెట్టు మీదను మొదలైనట్లు కనబడుచున్నది. దొడ్డిని ఎచ్చట కట్టవలెను, లొట్టిని ఎట్లు కట్టవలెను, రాలిన పండును ఏమి చేయవలెను అను ప్రశ్నలు వైద్యుని చేతిలో లేవు. రైతు చేతిలో నున్నవి. కావుననే యీ విషయమును మీ యెదుట పెట్టుచున్నాను.

తెలంగాణములో గాని ఆంధ్రప్రదేశములో గాని ఈ జ్వరము మనుష్యులకు సోకినట్లు ఇంతవఱకు పరీక్షలలో ధ్రువపడలేదు. ఈ మాట మొదటనే చెప్పుట న్యాయము. కాని కేరళ రాష్ట్రమున 2018 మొదలుకొని ఇది పలుమాఱులు వచ్చినది. దీనిని మోయు పెద్ద గబ్బిలము మన చెఱువుగట్ల మీది మఱ్ఱిచెట్లకును చింతచెట్లకును వ్రేలాడు గబ్బిలమే. బంగాళమున దీనికి దారి చూపిన ఈతచెట్టు మన పొలముగట్ల మీది ఈతచెట్టే. కారేపల్లి మొదలు ఇల్లెందు, కొత్తగూడెము, భద్రాచలము వఱకు గల అడవియంచు పల్లెలలో ఈత, తాడి, ఇప్ప, మామిడి, గబ్బిలము అను నైదును ఒక్కచోటనే యున్నవి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట కంటె, నిమ్మళముగా నున్న దినములలోనే సంగతి తెలిసికొనుట మేలు.

జ్వరము పుట్టుక

1998 వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మలేషియా దేశమున ఇపో నగర ప్రాంతమందు పందులను పెంచు రైతులకు జ్వరమును, మెదడువాపును కనబడెను. దోమల వలన వచ్చు జపాను మెదడువాపు అని తలచి అధికారులు దోమలను చంపు మందులు చల్లించిరి, టీకాలు వేయించిరి. అయినను జ్వరము తగ్గలేదు. టీకాలు వేయించుకొన్నవారికిని వచ్చెను. పిల్లలకు తక్కువగా వచ్చి, పందులను ముట్టుకొని పనిచేయు పెద్దలకు ఎక్కువగా వచ్చుట చూచి కొందఱు వైద్యులు శంకించిరి. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయమునందు ఒక క్రొత్త వైరసు బయటపడినది. సుంగై నిపా యను గ్రామపు రోగి నుండి దొరకుటచే దానికి నిపా యను పేరు కలిగినది.

ఇది యెట్లు వచ్చినదని విచారింపగా తెలిసినది రైతులమైన మనము చెవినిడవలసిన సంగతి. అచ్చట పందులదొడ్ల ప్రక్కనే, వాని మీదికి కొమ్మలు వ్రాలునట్లు, మామిడి మొదలగు ఫలవృక్షములను నాటియుండిరి. స్థలము కలిసివచ్చును, ఎరువు చేరువగా నుండునని యట్లు చేసిరి. రాత్రులందు గబ్బిలములు పండ్లను కొఱికి, సగము తిన్నవానిని దొడ్డిలో వదలెను. ఆ యెంగిలి పండ్లను పందులు తినెను. పందులలో దగ్గు, ఆయాసము పుట్టి వ్యాపించెను. పెద్ద పందులు చాలవఱకు చావకుండుటచే ఎవరును లక్ష్యపెట్టలేదు. దగ్గుచున్న పందులనే దక్షిణమున నున్న జిల్లాలకు అమ్మిరి. వానితో జ్వరము ప్రయాణము చేసినది. మలేషియాలో 265 మందికి వచ్చి 105 మంది చనిపోయిరి. సింగపూరు కబేళాలో 11 మందికి వచ్చి ఒకరు చనిపోయిరి. కడపట సుమారు 10 లక్షల పందులను చంపవలసివచ్చెను. ఒక చెట్టును దొడ్డికి దూరముగా నాటకపోవుట వలన ఎన్ని కుటుంబముల జీవనము పోయినదో చూడుడు.

బంగాళమున ఈతరసము

2001 లో ఇదే జ్వరము మన దేశమున పశ్చిమ బంగాళములోని సిలిగురి పట్టణమునను, బంగ్లాదేశమున మెహర్పూరు ప్రాంతమునను కనబడెను. సిలిగురిలో 66 మందికి వచ్చి 45 మంది మరణించిరి. వారిలో నాలుగింట మూడువంతుల మందికి ఆసుపత్రులలోనే సోకినది. రోగులకు సేవచేసినవారును, వారిని చూడవచ్చినవారును బలియైరి. అప్పుడు ఆ జ్వరమేదో ఎవరికిని తెలియదు. దాచియుంచిన రక్తమును పిమ్మట పరీక్షించి నిపా యని తేల్చిరి. 2007 లో నదియా జిల్లాలో 5 గురికి వచ్చి ఐదుగురును చనిపోయిరి.

బంగ్లాదేశమున 2001 నుండి దాదాపు ప్రతి సంవత్సరము చలికాలమున, అనగా డిసెంబరు మొదలు ఏప్రిలు లోపల, ఈ జ్వరము వచ్చుచున్నది. మొత్తము 300 మందికి పైగా సోకినది. నూటికి 70 మంది వఱకు చనిపోయిరి. అచ్చట పందులు తక్కువ. కారణమేమని వెదుకగా, పచ్చి ఈతరసమని తేలినది. అచ్చటి గీతవారు సాయంకాలము ఈతచెట్టు తలక్రింద బెరడును చెక్కి, వెదురు గొట్టము గ్రుచ్చి, రాత్రియంతయు కుండ వ్రేలాడగట్టుదురు. తెల్లవాఱుజామున ఆ రసమును కాచకయే త్రాగుట వారి వాడుక. శాస్త్రజ్ఞులు చీకటిలో చూడగల కెమేరాలను చెట్లకు కట్టి చూడగా, గబ్బిలములు వచ్చి చెక్కిన భాగముపై జారు రసమును నాకుటయు, అచ్చటనే మూత్రము విడుచుటయు కనబడినవి. గబ్బిలపు ఉమ్మిలోను మూత్రములోను నిపా వైరసు ఉండును. చల్లని తియ్యని రసములో అది కొన్ని దినములు చావకయుండును.

పులిసినంత మాత్రమున దోషము పోవునని తలచువారు కలరు. పులిసిన ఈతకల్లు త్రాగినవారికిని బంగ్లాదేశమున 2011 మొదలు 2014 వఱకు ఈ జ్వరము సోకినట్లు విచారణలో తేలినది. కావున పులియుట నమ్మదగిన రక్ష గాదు. బాగుగా మఱుగ కాచి బెల్లముగా వండినచో వైరసు నశించును.

కేరళమున జరిగినది

2018 మే నెలలో కేరళమున కోళిక్కోడు జిల్లా పేరాంబ్ర ప్రాంతమున ఒక యువకుడు జ్వరముతో మరణించెను. కొలది దినములలో అతని కుటుంబమువారికిని వచ్చెను. ఒకే యింట వెంటవెంట మెదడువాపు కనబడుట చూచి అచ్చటి వైద్యులు శంకించి, మణిపాలునకును పూణె యందలి జాతీయ వైరసు పరిశోధనాలయమునకును నమూనాలు పంపిరి. రెండు మూడు దినములలోనే జ్వరము పేరు తెలిసినది. అయినను మొదటి యువకుడు ఆసుపత్రులలో నున్న దినములందే అతని దగ్గు వలన అనేకులకు సోకియుండెను. మొత్తము 19 మందిలో 17 మంది మరణించినట్లు ప్రపంచారోగ్యసంస్థ లెక్క. మొదటి రోగికి పరీక్ష జరుగకయే చనిపోయెను. తక్కిన 18 మందికి పరీక్షలో ధ్రువపడినది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో సేవచేసిన నర్సు లినీ పుతుశ్శేరి మే 21 వ తేదీన అదే జ్వరముతో మరణించెను. రోగులను తాకినవారిని 2 వేలకు పైగా వెదకి, ఒక్కొక్కరిని కనిపెట్టి, జ్వరము వచ్చినవారిని వేఱుగా నుంచుటచే ఆ యుపద్రవము రెండు నెలలు తిరుగకుండ ఆగినది.

పిమ్మట 2019 లో ఎఱ్ణాకుళమున ఒక విద్యార్థికి వచ్చి నయమైనది. 2021 లో కోళిక్కోడు జిల్లాలో 12 సంవత్సరముల బాలుడు చనిపోయెను. 2023 లో 6 గురికి వచ్చి ఇద్దఱు మరణించిరి. 2024 లో మలప్పురము జిల్లాలో ఒక బాలుడును ఒక యువకుడును వేఱ్వేఱు నెలలలో మరణించిరి. 2025 లోను కేసులు కనబడినవి. గమనింపదగినదేమనగా, 2018 తరువాత జ్వరము మఱల మఱల వచ్చినను, త్వరగా గుర్తించుటచే అంత విస్తారముగా వ్యాపింపలేదు.

ఏ గబ్బిలము?

గబ్బిలములన్నియు ఒక్కటి గావు. పాడుగోడలలో, గుడిగోపురములలో, పాతబావులలో నుండు చిన్న గబ్బిలములు పురుగులను తినునవి. పెద్ద చెట్లకు పగటివేళ తలక్రిందుగా వ్రేలాడు పెద్ద గబ్బిలములు పండ్లను, పూదేనెను ఆహారముగా గొనునవి. మన పల్లెలలో గబ్బిలాయి అనునది ఇదియే. రెక్కలు విప్పినచో నాలుగడుగుల వెడల్పు ఉండును. నిపాకు ముఖ్యాశ్రయము ఈ పెద్దజాతియే. కేరళమున 2018 లో మొదటి యింటి బావిలోని గబ్బిలములను పరీక్షింపగా వానిలో వైరసు దొరకలేదు. అవి పురుగులను తినునవి. పిమ్మట ఆ ప్రాంతపు పండ్ల గబ్బిలములలో దొరకెను. కేరళమేగాక కర్ణాటకము, తమిళనాడు, పశ్చిమ బంగాళము, అస్సాము మొదలగు రాష్ట్రముల గబ్బిలములలోను ఈ వైరసు సోకిన జాడలు శాస్త్రజ్ఞులకు కనబడినవి. గబ్బిలమునకు దీనివలన జబ్బు చేయదు. అన్ని గబ్బిలములును అన్ని వేళలను వైరసును విడువవు.

ఇట్లనినంతనే చెట్లు నఱికి గబ్బిలములను చంపుదమను తలంపు కలుగవచ్చును. అది తగదు. ఇప్ప, బూరుగ మున్నగు చెట్ల పూలు రాత్రివేళ వికసించును. వానికి పుప్పొడి చేర్చునది గబ్బిలమే. మఱ్ఱి, మేడి, నేరేడు విత్తనములను అడవియంతట చల్లునదియు అదియే. ఆడ గబ్బిలము సంవత్సరమునకు ఒక్క పిల్లనే కనును. ఒకసారి చంపినచో ఆ లోటు సులభముగా తీఱదు. పైగా కాల్చి బెదిరించినచో గుంపు చెదరి పదియూళ్లకు పోవును. ఆకలి, భీతి కలిగిన గబ్బిలము వైరసును ఎక్కువగా విడుచునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. అడవి తఱిగి, మేత లేక, అవి తోటల మీదికిని ఇండ్లకడకును వచ్చుటయే యీ కష్టమునకు మూలము. గబ్బిలమును దాని చెట్టున నుండనిచ్చి, దాని యెంగిలిని మన నోటికి రాకుండ చేసికొనుట తెలివి.

జ్వరలక్షణములు

వైరసు శరీరమున ప్రవేశించిన పిమ్మట సాధారణముగా 4 మొదలు 14 దినములలో జ్వరము కనబడును. అరుదుగా 45 దినములు పట్టవచ్చును. మొదట తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒంటినొప్పులు, గొంతునొప్పి, వాంతులు ఉండును. ఈ దశలో ఇది మలేరియా, డెంగీ, టైఫాయిడు మొదలగు వానినుండి వేఱుగా కనబడదు.

తరువాత తల తిరుగుట, మగత, మాట తడబడుట, మనుష్యులను గుర్తింపకుండుట మొదలగును. కొందఱికి ఫిట్లు వచ్చును. కొందఱికి కాలుసేతులు ఉలికిపడునట్లు అదరును. కొందఱికి దగ్గు, ఆయాసము హెచ్చి ఊపిరితిత్తులు చెడును. కేరళమునను బంగ్లాదేశమునను ఈ లక్షణము విశేషముగా కనబడినది. దగ్గు గల రోగి వలననే ఇతరులకు ఎక్కువగా సోకును. వ్యాధి ముదిరినచో 24 మొదలు 48 గంటలలోనే రోగి తెలివితప్పి పడిపోవును. సోకినవారిలో నూటికి 40 మొదలు 75 మంది వఱకు మరణింతురు. బ్రదికినవారిలో సుమారు అయిదింట ఒకవంతు మందికి ఫిట్లు, స్వభావపు మార్పు మొదలగు నరముల దోషములు మిగులును. నయమైన నెలలకు, ఏండ్లకు మఱల మెదడువాపు వచ్చినవారును కలరు.

మన ప్రాంతమువారికి మెదడువాపు క్రొత్తది కాదు. 2003 జూన్ మొదలు ఆగస్టు లోపల అప్పటి ఆంధ్రప్రదేశమున, ముఖ్యముగా తెలంగాణ జిల్లాలలో, చిన్నబిడ్డలకు జ్వరము వచ్చి ఒకటి రెండు దినములలోనే తెలివితప్పి, లెక్కకు వచ్చిన 329 మందిలో 183 మంది చనిపోయిరి. దానికి కారణము చండీపుర వైరసు. 1965 లో నాగపూరు సమీపమునందలి చండీపుర గ్రామమున మొదట దొరకుటచే దానికి ఆ పేరు. అది ఇసుక యీగల వలన వచ్చునది. విశేషముగా పిల్లలను పట్టును. జపాను మెదడువాపు దోమల వలన వచ్చును. నిపా పిల్లలను పెద్దలను భేదము లేక పట్టును. ఒకే యింట, ఒకే ఆసుపత్రిలో, రోగిని సేవించినవారికి వరుసగా వచ్చును. ఈ వరుసయే దానిని పోల్చుకొను గుఱుతు. నిశ్చయము మాత్రము గొంతుతడి, మూత్రము, రక్తము, వెన్నెముకనీరు పరీక్షించిన గాని కలుగదు.

దీనికి ఆమోదము పొందిన టీకా గాని, తప్పక మాన్పు మందు గాని ఇంకను లేదు. ఆక్స్‌ఫర్డు టీకా పరీక్షలు 2024 జనవరిలో మనుష్యులపై మొదలైనవి. ప్రస్తుతము ఊపిరి నిలుపుట, ఫిట్లు ఆపుట మొదలగు ఉపచారములే చికిత్స. అవి ఎంత త్వరగా అందిన అంత మేలు. వేపమండలు కట్టుటయు, పసరులు పోయుటయు చేయుచు దినములు గడపినచో, రోగికి నష్టము; చుట్టునున్నవారికి అంతకంటె నష్టము.

మన పల్లెలలో జాగ్రత్త పడవలసిన తావులు

మొదటిది ఈతచెట్టు. తాడిచెట్టున గెలకొన లొట్టిలోనికి దూఱియుండును. లొట్టిమూతి కొంత మూసికొనును. ఈతచెట్టున చెక్కిన భాగముపై రసము బయలుగా జారుచుండును. కావున ఈతకు మూత ఎక్కువ అవసరము. బంగ్లాదేశమున దీనికొక చులకనైన యుపాయము పరీక్షించిరి. వెదురుబద్దలతో గాని, పచ్చిరొట్టగా వేయు జీలుగ పుల్లలతో గాని, జనపకట్టెలతో గాని, చాపవంటి తడకను అల్లి, చెక్కిన భాగమును, గొట్టమును, కుండమూతిని కలిపి కప్పునట్లు చెట్టుచుట్టు కట్టిరి. రాత్రి కెమేరాలతో చూడగా గబ్బిలము రసమును తాకలేకపోయెను. రసము శుభ్రముగా నుండుటయు, ఈగలు తగ్గుటయు గీతవారికి అదనపు లాభము. మన మేదరుల చేతిపని దీనికి చాలును. ఏజెన్సీ పల్లెలలో జీలుగుమాని కల్లు గీయువారికిని ఇది పనికివచ్చును.

రెండవది ఇప్పచెట్టు. మార్చి, ఏప్రిలు నెలలలో కోయసోదరులును తండాలవారును తెల్లవాఱుజామున ఇప్పపువ్వు ఏఱుదురు. ఆ రాత్రియే గబ్బిలములు ఆ చెట్టుపై మేసియుండును. ఇప్పపువ్వు వలన ఈ జ్వరము వచ్చినట్లు ఋజువు లేదు. కావున ఏఱుట మానవలసిన పని లేదు. కాని ఏఱుచు ఏఱుచు పచ్చిపువ్వును నోట వేసికొనుట, పిల్లలచేత తినిపించుట మానవలెను. పువ్వును మంచినీట కడిగి, ఎండలో బాగుగా ఎండబెట్టి, వండి తినవలెను. ఏఱిన చేతులను సబ్బుతో కడిగికొనవలెను.

మూడవది మామిడి, జామ, సపోటా తోటలు. గోటిగాట్లు, పంటిగాట్లు గల పండ్లు, సగము తిన్న పండ్లు ఎంత తియ్యగా నున్నను తినరాదు. చిలుక కొఱికిన పండు తియ్యనిదని పిల్లలు వెదకి తినుట మన పల్లెల వాడుక. కొఱికినది చిలుకయో గబ్బిలమో పండు చెప్పదు. గాటు లేని పండును కడిగి, తొక్కతీసి తినవచ్చును.

నాలుగవది పశువులకొట్టము, పందులదొడ్డి. మలేషియా పాఠము ఇచ్చటనే వర్తించును. రాలిన యెంగిలి పండ్లను పందులకు, మేకలకు వేయరాదు. గుంత తీసి పూడ్చవలెను. క్రొత్తగా దొడ్డి కట్టువారు ఫలవృక్షముల నీడను, గబ్బిలములు వ్రేలాడు చెట్ల నీడను విడిచి కట్టవలెను. ఇదివఱకే చెట్టుక్రింద నున్నచో దొడ్డిపై కప్పు వేయవలెను. నీళ్లతొట్టికి మూత నుంచవలెను. పందులలో అనేకములకు ఒక్కసారిగా దగ్గు, ఆయాసము, వణకు కనబడినచో సంతకు తోలక, పశువైద్యునికి తెలుపవలెను. జబ్బుచేసిన పశువును కోసి తినుట మఱియు ప్రమాదము. 2014 లో ఫిలిప్పీను దేశమున జబ్బుచేసిన గుఱ్ఱములను కోసి తిన్నవారికిని, వానిని తాకినవారికిని నిపా వంటి వైరసు సోకి, 17 మందిలో 9 మంది చనిపోయిరి.

ఐదవది బావి. గబ్బిలములు వ్రేలాడు చెట్టుక్రింది బావికి వల గాని కప్పు గాని వేయుట మంచిది. త్రాగునీటిని కాచుట అన్ని జబ్బులకును మేలైన రక్ష.

రోగి యింట మెలగవలసిన విధము

మన కారేపల్లి జంక్షనులో రైలు దిగువారిలో దూరదేశములకు కూలికి పోయి వచ్చువారు కలరు. జ్వరము వచ్చినవాడు గడచిన మూడు వారములలో ఎచ్చటికి పోయివచ్చెనో, ఏమి త్రాగెనో, ఏ జంతువును తాకెనో, ఎవరికి సేవచేసెనో వైద్యునికి దాచక చెప్పవలెను. కల్లు త్రాగితినని చెప్పుటకు సిగ్గుపడి దాచినచో, వైద్యుడు చీకటిలో వెదకవలసివచ్చును.

జ్వరముతోపాటు మగత, తడబాటు, ఫిట్లు, ఆయాసము కనబడినచో ఆలస్యము చేయక 108 బండిని పిలిచి పెద్దాసుపత్రికి చేర్చవలెను. రోగిని వేఱు గదిలో నుంచి, ఒక్కరే సేవచేయవలెను. సేవచేయువారు ముక్కునోరు మూయు మాస్కును, చేతితొడుగులను ధరింపవలెను. రోగి యెంగిలి గిన్నెలను, ఉమ్మి అంటిన బట్టలను ఇతరులు వాడరాదు. సబ్బునీరు ఈ వైరసును చంపును. వాంతి, ఉమ్మి పడినచోట బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడుగవలెను. బంధువులు గుంపుగా వచ్చి పలుకరించుట మన మర్యాద. ఈ జ్వరమున ఆ మర్యాద ప్రాణములు తీయును. సిలిగురిలోను కోళిక్కోడులోను చనిపోయినవారిలో పెక్కురు సేవకై, పలకరింపునకై వచ్చినవారే.

మరణము సంభవించినచో శవమును కడుగుట, ముద్దుపెట్టుకొనుట, మీదబడి యేడ్చుట కూడదు. ఆరోగ్యశాఖవారు చెప్పినట్లు అంత్యక్రియలు జరుపవలెను. దహనమైనను ఖననమైనను ఏ మతాచారమునకును భంగము లేకుండ, తాకుట మాత్రము మాని, గౌరవముగా జరిపించవచ్చును. 2018 లో కేరళమున అట్లే చేసిరి.

భయము చేయు నష్టము

జ్వరము కంటె వేగముగా పుకారు పోవును. 2018 లో కేరళపు పండ్లను, కూరగాయలను గల్ఫు దేశములు కొన్ని దిగుమతి చేసికొనుట మానివేసెను. జ్వరము లేని జిల్లాల రైతులును నష్టపడిరి. రేపు మన రాష్ట్రమున ఒక కేసు శంకింపబడినచో, గౌడసోదరుని కల్లు అమ్ముడుపోదు. మామిడితోట కౌలుదారుని కాయలు దళారి సగము ధరకు అడుగును. అప్పు మాత్రము తగ్గదు. ఇది గాలిలో మైళ్లదూరము ప్రాకు జ్వరము కాదు. రోగిని దగ్గరగా తాకినవారికి, ఎంగిలి వస్తువులను నోట పెట్టుకొన్నవారికి సోకునది. గాటు లేని మామిడికాయ వలన ఎవరికిని భయము లేదు. కప్పి గీచి మఱుగ కాచిన ఈతరసపు బెల్లము వలనను భయము లేదు. ముందుగా జాగ్రత్త చేసికొన్న యూరు, పుకారు వచ్చినదినమున మా లొట్లు కప్పియున్నవి, మా పండ్లు ఏఱినవి అని ధైర్యముగా చెప్పగలదు. చెప్పగలుగుటయే అమ్మకమును నిలుపును.

సంఘము చేయదగిన పనులు

ఒక్కడు తడక కట్టి, పదిమంది మానినచో ప్రయోజనము స్వల్పము. గబ్బిలము చెట్టు యజమానిని చూచి వ్రాలదు. కావున ఇది సహకార పద్ధతిని చేయవలసిన పని. నా సూచనలు ఇవి.

1. ఈతగీత మొదలగుటకు పూర్వమే గీతవారిని, మేదరులను ఒకచోట కూర్చి, చెట్టున కొక తడక చొప్పున సంఘము ద్వారా చేయించవలెను. కలిసి చేయించినచో ధర తగ్గును; మేదరులకు పని దొరకును.

2. ఒక్క చెట్టుకు తడక కట్టి అందఱకు చూపవలెను. చెప్పిన వంద మాటల కంటె చూచిన చెట్టొకటి నమ్మకము కలిగించును.

3. తోటల యజమానులు ప్రతి ఉదయము రాలిన పండ్లను ఏఱించి పూడ్పించు నియమము పెట్టుకొనవలెను. కూలీలు ఏఱునపుడు చేతితొడుగులు గాని గోనెగుడ్డ గాని వాడవలెను.

4. పందులను పెంచువారిని దూషింపక, దొడ్లకు కప్పులు వేసికొనుటకు చిన్న అప్పులు ఇప్పించు విషయమును సర్వసభ్య సమావేశమున చర్చింపవలెను.

5. గబ్బిలముల చెట్లు ఏ యూర ఎన్ని కలవో లెక్క వ్రాసియుంచవలెను. ఒక్కసారిగా అనేక గబ్బిలములు చచ్చిపడినచో ముట్టక, అటవీశాఖకును పశువైద్యునికిని తెలుపవలెను.

6. బడిపిల్లలకు మూడు మాటలు నేర్పవలెను: ఎంగిలిపండు తినరాదు, గబ్బిలమును ముట్టరాదు, తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగవలెను.

వీనిలో ఏ యొక్కటియు గొప్ప వ్యయముతో కూడినది గాదు. వెదురు మన యడవిలో నున్నది; అల్లు చేయి మన యూర నున్నది; గుంత తీయు పాఱ ప్రతి యింట నున్నది. వచ్చు సమావేశమున మొదటి సూచనను చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. గీతకాలము సమీపింపకముందే ప్రతి పల్లె నుండి గీతవారు ఒక్కరైనను వచ్చి, తమ చెట్ల లెక్క సంఘపు కార్యదర్శికి వ్రాయించినచో, పని ఆ దినముననే మొదలిడవచ్చును.